టైలరక్క కుండీల్లో టమాటాలు

తన కుండీల్లో కాసిన టమాటాలను టైలరక్క తనే ముట్టదని, వాటికేదో మందు కొడుతుందని వీధిలో పుకారు. ఈ వేసవిలో కాయలు విరగకాశాయి. గిన్నెడు పండ్లు కోసి ఎదురింటి వదినకు తీసుకెళ్లింది.

"ముందు నువ్వొకటి తిను మరదలా. నువ్వు బతికి బట్టకడితే నేనూ తింటా," అని నవ్వింది వదిన.

తనకు జబ్బని తెలిస్తే ఎవరూ కుట్టుపని ఇవ్వరని టైలరక్క భయం. అందుకే ఒక పండు కొరికి, నెమ్మదిగా నమిలి మింగింది. పుల్లగా, ఎండ వేడితో ఉంది. వదిన గిన్నె అందుకుంది.

టైలరక్కకు కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఇంటికొచ్చి ఉప్పు లేని బీరకాయ కూర ముందు కూర్చుంది.

మొక్కలకు ఆమె పోసేది నీళ్లే. టమాటాలు మానమన్నది కిడ్నీ డాక్టరు.