ఆవిరమ్మ ముక్కు

ఆవిడ అసలు పేరు పోస్టుమ్యాన్‌కు తప్ప వీధిలో ఎవరికీ గుర్తులేదు. పెరటి రేకుల షెడ్డులో పొద్దున్నే రాగి బట్టీ వెలిగించి, జిరేనియం ఆకుల్ని ఆవిరిపట్టి నూనె తీసేది కనుక అందరికీ ఆవిరమ్మే. గంపెడు ఆకు ఉడికితే చెంచాడు నూనె దిగుతుంది. దానికోసం అత్తరు వ్యాపారి స్వయంగా వచ్చేవాడు.

ఆ నూనె గిట్టని మనిషి ఒక్కరే, అత్తగారు. తన దిండు కూడా కంపు కొడుతోందని రోజూ సణిగేది.

ఒకసారి ఆవిరమ్మకు జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన తెలియడాన్ని కూడా వెంట తీసుకుపోయింది. ఉల్లిపాయ కోస్తే కళ్లు మండాయి గాని ముక్కు ఉలకలేదు, పలకలేదు. "రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు డాక్టరు. ఆ మాత్రం ఆవిడకూ తెలుసు.

ఎవరికీ చెప్పకుండా బట్టీ పెట్టింది. అడుగున నీళ్లు ఇగిరిపోయి ఆకు మాడింది. వ్యాపారి సీసా మూత తీసి, మర్యాదగా మళ్లీ పెట్టేశాడు.

"అమ్మా, ఇది కాలిన చెప్పులా ఉంది."

ఆయన వెళ్లాక ఆవిరమ్మ కాసేపు ఏడ్చింది. తర్వాత బట్టీ తోమింది, ఎలాగూ తోమాల్సిందే కనుక.

"మాడు కంపని నాకు అప్పుడే తెలుసు" అంది గుమ్మంలోంచి అత్తగారు.

"మరి చెప్పలేదేం అత్తయ్యా?"

"రోజూ కంపే కదా. కొత్తగా ఏం చెప్పను?"

ఆవిరమ్మ ముక్కు సంగతి బయటపెట్టి, బట్టీ పక్కన కుర్చీ వేసింది. "ఇక్కడ కూర్చుని ఏ కంపో చెబుతూ ఉండండి."

"నాకు మంచి వాసనలు తెలీవమ్మాయ్."

"మంచివి అక్కర్లేదు. తిట్టండి చాలు."

తిట్లకు అత్తగారి దగ్గర కొదవలేదు. "పచ్చి కంపు" అంటే ఇంకా ఉడకాలి. "తడిగుడ్డ కంపు" అంటే ఆకు నిలవది. ఏమీ అనలేక మూతి ముడుచుకుందంటే నూనె కుదిరినట్టే.

ఈసారి వ్యాపారి చాలాసేపు వాసన చూశాడు. "బ్రహ్మాండం! ఎవరు చూసి దించారు?"

"మా అత్తయ్య."

"నాకైతే నచ్చలేదు" అంది అత్తగారు, ఉన్నమాటే. ఆయన సీసాలన్నీ పట్టుకెళ్లాడు.

కొన్ని నెలలకు ఒక మధ్యాహ్నం ఆవిరమ్మ ముక్కుకు సన్నగా ఏదో తగిలింది. పచ్చి వాసన.

"అత్తయ్యా, తెలుస్తోంది!"

అత్తగారు ఆవిడ చేతిని ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలేసింది. "అయితే నేనిక ఈ కుర్చీలోంచి లేవనా?"

"ఉండండి, ఇంకా పూర్తిగా రాలేదుగా."

ఆ తర్వాత పూర్తిగానే వచ్చింది. ఆ ముక్క అత్తగారికి చెప్పే తీరిక మాత్రం ఆవిరమ్మకు ఇంతవరకు దొరకలేదు.