ఇజ్జా చెత్తకు పిలిచిన తివీజీ

మా ఇజ్జాకు నోరెక్కువ అంటారు. ఆ నోరే లేకపోతే ఈపాటికి సూస్ లోయలో మా ఊరు మసి మింగుతూ కూర్చునేది.

టమాటా కాపు అయిపోగానే గ్రీన్‌హౌస్‌ల మీది పాత ప్లాస్టిక్ పట్టలు ఊడదీసి, మా ఇళ్ల పక్కనే గుట్టపోసి తగలబెట్టడం ఫారంవాళ్లకు అలవాటు. ఎగిరొచ్చిన ముక్కలు మేకలు తినేవి. పోయినేడు ఇజ్జా పాడిమేక కడుపుబ్బి చచ్చింది. పొట్ట కోస్తే తలగడంత ప్లాస్టిక్ ముద్ద! అప్పట్నుంచి ఆమె పట్టలు ఏరి, కడిగి, ఆరబెట్టి, డ్రిప్పు పైపులు చేసే ఫ్యాక్టరీ లారీకి ఎత్తిస్తోంది.

ఈ ఏడు గుట్ట ఇంటెత్తు లేచింది. ఫారం మేనేజరు బూషాయిబ్ దాన్ని అంటించడానికి వచ్చేసరికి, ఇజ్జా పైకెక్కి కూర్చుని రొట్టె తింటోంది.

"దిగు పిన్నీ, నాకు పనుంది."

"నాకూ ఉంది. ముందు నన్ను కాల్చు, తర్వాత పట్టలు కాల్చుకో."

పనివాళ్లు నవ్వారు. వాడికి రోషమొచ్చింది. "పొద్దుగూకేలోపు ఒక్క ముక్క లేకుండా మోసుకుపో. మిగిలితే అంటిస్తా. ఒక్కదానివి ఎంత మోస్తావో చూస్తా!" అన్నాడు, అందరి ముందూ.

కాసాబ్లాంకా నగరం నుంచి వచ్చిన మనిషి, మా ఊరి పద్ధతులు వాడికేం తెలుసు! ఇజ్జా ఊళ్లోకొచ్చి తివీజీకి పిలిచింది. కోతకో, బావి పూడికతీతకో ఊరంతా కలిసి చేసే పని అది. పిలిచాక రానంటే మళ్లీ మొహం చూపించలేం. చెత్తకు పిలవడం మాత్రం మేమెప్పుడూ వినలేదు.

"చెత్త మొయ్యడానికి తివీజీయా? నీకు పిచ్చి ముదిరిందే!" అన్నాను.

"ముదిరిందిలే. తాడు తీసుకుని రా."

తిట్టుకుంటూనే వెళ్లాను. నలభైమంది ఆడవాళ్లం, ఆరు గాడిదలు. మట్టి పట్టిన పట్టలు ఎంత బరువో! చేతులు బొబ్బలెక్కాయి. ఇజ్జా టీ పోస్తూ, ఆగినవాళ్లను వెక్కిరిస్తూ తిరిగింది. నాకు ఒళ్లు మండింది, అయినా ఆగలేదు.

పొద్దుగూకే వేళకు బూషాయిబ్ వచ్చాడు. గుట్ట ఉన్నచోట ఉత్త నేల. వాడు మా వెనకే ఇజ్జా ఇంటిదాకా నడిచొచ్చాడు.

"ఏం సాధించావు? చెత్తంతా నీ గుమ్మం ముందుకే చేరిందిగా!"

"చేరింది. అక్కడైతే మీ ఫారం నేల, ఇది నా గుమ్మం. దమ్ముంటే ఇక్కడ అగ్గిపుల్ల గియ్యి."

నలభైమందిమీ వాడి చేతులవంకే చూశాం. వాడు గీయలేదు.