గేటు దాకా వచ్చిన భాగస్వామ్యం

జగిత్యాలలోని మా డిగ్రీ కాలేజీకి ఉన్నట్టుండి సమాజం మీద ప్రేమ పుట్టింది. సోమవారం తనిఖీ కమిటీ వస్తోంది మరి. స్థానిక సంఘాలతో ఒప్పందాలున్నాయా అని అడుగుతారట. "శుక్రవారం పోయి రెండు పట్టుకురండి" అని లెక్చరర్నైన నాతో అన్నారు ప్రిన్సిపాల్, కూరగాయలు తెమ్మన్నంత తేలిగ్గా. చేతికొక ఫ్లెక్సీ ఇచ్చారు. అందులో ఆయన ఫొటో పెద్దగా ఉంది, సంఘం పేరుండాల్సిన చోట ఖాళీ ఉంది. రెండు ఊళ్లకూ అదే పనికొచ్చేలా పేర్లు విడిగా స్టిక్కర్ల మీద కొట్టించారు.

జగిత్యాల బస్టాండులో ఎనిమిదింటికి కోరుట్ల బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు సీటు లేదు. నా చంకలోని ఫ్లెక్సీ చుట్టను చూసి పక్కనున్న పెద్దాయన "పెండ్లా, సావా సారూ?" అని అడిగాడు. ఒప్పందమని చెప్పాను. "మంచిదే" అన్నాడు, ఏ ముఖం పెట్టాలో తేలక.

కోరుట్లలో ఇడ్లీ తిని, బీడీ కార్మికుల మహిళా సంఘం గదికి చేరేసరికి తొమ్మిదిన్నర. అధ్యక్షురాలు రాజవ్వ కూతురు స్వప్న అప్పుడే కార్ఖానాలో బీడీలు అప్పగించి, పుస్తకాల సంచితో బస్టాండుకు పరుగెత్తుతోంది. చదివేది మా కాలేజీలోనే, రెండో సంవత్సరం.

"పదింటికి మీ గేటు బందైతదట సారూ. బిడ్డ గక్కడిదాక పోయి మళ్ల ఇంటికొస్తది" అంది రాజవ్వ. "హాజరు తక్కువైందని పరీక్ష రాయనియ్యమంటుండ్రట. నాకు మోకాళ్లు నొస్తయి, కార్ఖానకు అదే పోవాలె. జర ఆలస్యమైనా లోపటికి రానిస్తమంటే సంతకం వెడత."

ప్రిన్సిపాల్‌తో మాట్లాడతానన్నాను. మర్యాదకు పెన్ను పట్టుకుని ఫొటో దిగింది కానీ సంతకం పెట్టలేదు. మా కాలేజీకి ఫొటో చాలు.

రుద్రంగి మీదుగా వేములవాడ, అక్కడ బస్సు మారి సిరిసిల్ల చేరేసరికి ఒంటిగంట దాటింది. ఎండాకాలం ఈ దారిన వెళ్లేవాళ్లు నీళ్ల సీసా మరిచిపోకండి. బస్టాండు దగ్గర పప్పు, బెండకాయ వేపుడుతో భోజనం చేసి, మగ్గాల చప్పుడును పట్టుకుని నేత కార్మికుల సంఘానికి వెళ్లాను. అధ్యక్షుడు నర్సయ్య నాకు శాలువా కప్పాడు. ఫొటో కాగానే దాన్ని తీసి, మడిచి, బీరువాలో పెట్టేశాడు.

"ఏమనుకోకుండ్రి సారూ. గీ యేడు మీరు నాలుగో కాలేజోళ్లు. అందరికి గిదే శాలువ."

ఒకే ఫ్లెక్సీ మోసుకొచ్చిన నాకు ఆయన మీద వెంటనే గౌరవం కలిగింది. ఒప్పందం చదవకుండానే సంతకం పెట్టాడు. కాలేజీ నుంచి మీకేం కావాలని అడిగాను.

"మొదట్ల అడిగినం. గిప్పుడు అడుగుడు బంద్ వెట్టినం. చాయ్ తాగుండ్రి."

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నాడు. ఇంకా అడుగుతున్న రాజవ్వ కూడా ఇలాగే మానేస్తుందేమోనని నాకు భయమేసింది.

నాలుగింటికి తిరుగు ప్రయాణం. వేములవాడ దాటాక ప్రిన్సిపాల్ ఫోన్ చేశారు.

"ఫొటోలు బ్రహ్మాండం! సోమవారం ఆ రాజవ్వను తీసుకురండి. కమిటీ ముందు నాలుగు మంచి మాటలు చెప్పిద్దాం."

గేటు సంగతి చెప్పాను. ఆయన ఉదారంగా ఒప్పుకున్నారు. "వాచ్‌మన్‌కు చెప్తా. కమిటీ ఉన్న రెండు రోజులూ తీసే ఉంచుతాడు."

"తర్వాత సార్?"

"తర్వాత క్రమశిక్షణ ఉండాలి కదా!"

రాజవ్వకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను.

"రెండు దినాల హాజరుతోని నా బిడ్డ పరీక్ష రాస్తదా సారూ?"

నాకు సిగ్గేసింది. బస్సు కొడిమ్యాలలో ఆగినప్పుడు మళ్లీ ప్రిన్సిపాల్‌కు చేశాను.

"సోమవారం రాజవ్వ రాదు సార్."

"ఆమె అలా అందా?"

"అనలేదు సార్. నేనంటున్నాను. బీడీ కార్మికుల పిల్లలకు ఆలస్యమైనా గేటు ఎప్పుడూ తీస్తామని నోటీసు పెట్టేదాకా నేనామెను పిలవను."

బస్సులో ఒకరిద్దరు నా వైపు తిరిగి చూశారు. జగిత్యాలలో దిగేసరికి చీకటి పడుతోంది. పొద్దుటి నుంచి తిరిగి తిరిగి నేను కుదుర్చుకొచ్చిన భాగస్వామ్యం రాజవ్వతో, సంతకం లేని ఈ ఒక్కటే.