మా హాల్లో వేలాడిన తుపాకీ

తుపాకీ చావులను తగ్గించడానికి అమెరికాలో మేముండే కౌంటీలో కొత్తగా ఒక ఆఫీసు పెట్టారు. పోలీసులు, ఆసుపత్రులు, బడులు అంతవరకూ విడివిడిగా చేస్తున్న పనిని ఒక్కచోటికి చేర్చడం దాని బాధ్యత. సలహా సంఘానికి స్థానికులు కావాలనగానే దరఖాస్తు పెట్టాను. మా వంశంలో మూడు తరాలవాళ్ళు సభలకు అధ్యక్షత వహించారు. భూములు పోయినా ఆ బిగువు నా వెన్నులో మిగిలిపోయింది.

మొదటి సమావేశానికి కోటు వేసుకుని వెళ్ళాను. అక్కడ అధ్యక్షస్థానమే లేదు, గుండ్రంగా మడతకుర్చీలు వేశారు. నా పక్కన కూర్చున్నావిడ కొడుకు కాల్పుల్లో పోయాడట. మా తాతగారి వేట గురించి చెప్పబోయి ఆగిపోయాను.

పిల్లల్ని వేరొకరింటికి పంపేముందు తల్లిదండ్రులు అడగాల్సిన ప్రశ్నను తెలుగులో రాసే పని నాకిచ్చారు. "ఏమీ అనుకోకండి. మీ ఇంట్లో తుపాకీ ఉందా? ఉంటే తాళం వేసి ఉంచుతున్నారా?" అని రాశాను. కార్డులు అచ్చయ్యాక, తెలుగువాళ్ళందరికీ దానం చేస్తున్నవాడిలా పంచాను.

అప్పటికి మా హాల్లో, తాతగారి ఫోటో కింద, రెండు గొట్టాల తుపాకీ ఒకటి వేలాడుతోంది.

ఒక శనివారం మా అమ్మాయి స్నేహితురాలు రాత్రికి మా ఇంట్లో ఉండాలని వచ్చింది. నెలరోజులుగా మా అమ్మాయి ఎదురుచూస్తున్న స్లీపోవర్ అది. ఆ పిల్ల తల్లి గుమ్మంలోనే ఆగి, బ్యాగులోంచి కార్డు తీసి, నా వాక్యాన్ని నాకే చదివింది. గోడవైపు చూసింది.

"అది మా తాతగారిదమ్మా. దానికి తాళమేమిటి?" అన్నాను నిటారుగా నిలబడి.

"తాతగారిదైనా పేలుతుంది కదా అన్నయ్యగారూ! లాక్ చేశాక కాల్ చేయండి, అప్పుడు డ్రాప్ చేస్తాను."

కూతుర్ని కారెక్కించుకుని వెళ్ళిపోయింది. మా అమ్మాయి స్నేహితురాలి కోసం వేసిన దిండు తీసుకుని గదిలోకి పోయి తలుపేసుకుంది.

సోమవారం ఆ కౌంటీ ఆఫీసుకెళ్ళి, తెలిసినవాళ్ళకోసమని చెప్పి, అక్కడ ఉచితంగా ఇచ్చే తుపాకీ తాళం అడిగాను. తుపాకీ ఎలాంటిదని అడిగితే పిడి మీది గీతతో సహా వర్ణించాను. కొడుకును పోగొట్టుకున్న ఆవిడ అక్కడే ఉంది. ఎవరి కోసమని అడగలేదు. తాళం తీగను తుపాకీలోకి ఎలా దూర్చాలో రెండుసార్లు చూపించింది.

తాళం వేసి, మా అమ్మాయి స్నేహితురాలి తల్లికి స్పీకర్‌లో ఫోన్ చేసి ఆ మాట చెప్పాను.

"అంత పాత గన్‌కి ఆ లాక్ పడుతుందా అండీ?"

తాతగారి అసలు తుపాకీని లైసెన్సు అయిపోయాక నాన్నగారు ఇండియాలోనే పోలీసులకు అప్పగించారు. మళ్ళీ విడిపించుకోలేదు.

"పాతది కాదమ్మా. ఇక్కడే సేల్‌లో కొన్నాను."

"ముత్తాత ఫోటో కూడా సేల్‌లోనే కొన్నావా నాన్నా?" అంది పక్కనున్న మా అమ్మాయి.

ఫోన్లో ఆవిడ నవ్వింది. "మా ఇంట్లోనూ ఒకటుందండీ, మావారిది. ఏడాదిగా మీ పాప మా ఇంటికి వస్తోంది. మీరెప్పుడూ అడగలేదేం?"

పరాయివాళ్ళ ఇంట్లో ఏముందని అడగడం మా వంశంలో లేదు. ఊరందరినీ అడగమని కార్డు రాసింది మాత్రం నేనే. మా అమ్మాయి నా ముఖంలోకే చూస్తోంది.

"ఏమీ అనుకోకమ్మా," అన్నాను. "దానికి తాళం వేసి ఉంచుతున్నారా?"

"సేఫ్‌లో ఉంటుందండీ. కావాలంటే వచ్చి చూడండి."

అక్కర్లేదు అనబోయి, వస్తున్నానని చెప్పాను.