మూడో కుర్చీ

నిన్న మా అమ్మాయి సింక్‌లో కుళాయి తిప్పి అలాగే వదిలేసింది. నీళ్ళ చప్పుడు చెవిన పడగానే నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. "ఏంటమ్మా గుసగుసలు, ఇంట్లో ఎవరూ లేరుగా?" అని నవ్వింది. గోవిందమ్మక్క పోయి ఏళ్ళయినా ఆ అలవాటు నన్ను వదల్లేదు.

అమెరికాలో, ఈ ఆష్‌బర్న్‌లో మా పక్కింట్లో, కూతురి దగ్గర ఉండేది అక్క. దక్షిణాఫ్రికా చెరుకు తోటలకు కూలికెళ్ళిన తెలుగువాళ్ళ మనవరాలు. తెల్లదొరల ప్రభుత్వంతో తలపడి జైలుకెళ్ళింది. నల్లవాళ్ళకు ఓటు వచ్చాక పార్లమెంటులో కూర్చుంది, తరవాత రాయబారిగా వాషింగ్టన్ వచ్చింది. నాకేమో అక్షరం ముక్క రాదు. అరవై దాటిన నా చేత పలక పట్టించింది ఆవిడే. మనవలు బడికి పోయాక మా వంటగదిలో చదువు. ముఖ్యమైన మాట చెప్పాలంటే ముందు కుళాయి తిప్పి, ఆ చప్పుడులో గుసగుసగా చెప్పేది. వాళ్ళ దేశంలో పోలీసులు ఇళ్ళల్లో దొంగ మైకులు పెట్టేవారట.

ఇంకో అలవాటుండేది. ఒకప్పుడు ప్రభుత్వం ఆవిడ మీద ఆంక్ష పెట్టింది: ఏ గదిలోనూ ఒక్క మనిషితో తప్ప ఉండకూడదు. మూడో మనిషి వస్తే లేచిపోవాలి, లేదంటే జైలు. ఆ ఆంక్ష ఎప్పుడో పోయింది. వేలమంది ముందు ఉపన్యాసాలిచ్చింది. ముసలితనంలో ఆ పాత భయం మళ్ళీ వచ్చి పట్టుకుంది. మా అమ్మాయి వంటగదిలో కాలు పెడితే చాలు, కాఫీ కప్పుతో గరాజ్‌లోకి పోయి నిలబడేది. "ఆంటీకి నేనంటే పడదా ఏంటి?" అనేది మా అమ్మాయి. సొంత మనవడి బర్త్‌డే నాడూ గది గదికీ మారుతూ తిరిగింది. పొగరనుకున్నారు జనం.

ఒక చలికాలం మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నాం. నేను ‘క్ష’ దిద్దుతున్నాను. అక్క చటుక్కున లేచింది.

"ఎక్కడికక్కా?"

"ముగ్గురమైనాము చెల్లీ."

ఖాళీ కుర్చీ వైపు చూస్తోంది. నేనూ చూశాను. ఎప్పుడూ టేబుల్ కిందికి తోసి ఉంచే కుర్చీ, జానెడు వెనక్కి జరిగి ఉంది.

ఆనాటి నుంచి రోజూ అంతే. రెండక్షరాలు కాకముందే లేచిపోయేది. గరాజ్ చలికి పెదాలు నల్లబడేవి. చివరికి వాళ్ళమ్మాయి ఏడుస్తూ, "డాక్టర్లు తలుపులకి లాక్స్ ఉండే హోమ్‌లో పెట్టమంటున్నారు ఆంటీ" అంది. జైలు చూసిన మనిషికి మళ్ళీ తాళాలు! నాకు ఒళ్ళు మండింది. మర్నాడు చీపురు తీసి కుర్చీ మీదికి ఎత్తాను. "ఏరా పోలీసోడా, ఇది మా ఇల్లు. లే, పో!"

అక్క నా చెయ్యి పట్టుకుంది. కుళాయి తిప్పింది.

"కొట్టవద్దు. పోలీసు కాదు, మాతో పనిచేసినవాడే. ఒక దినము మా ఇంటికి వచ్చినాడు. అప్పటికే నా దగ్గర ఒక మనిషి ఉండెను. చట్టము ప్రకారము నేను లేచి పెరట్లోకి పోతిని. తిరిగి వచ్చేసరికి వాణ్ణి పట్టుకుపోయినారు. మరి ప్రాణముతో చూడలేదు."

"ఏం చెప్పడానికొచ్చాడో?"

"వినకుండా పోతిని గదా."

చీపురు అవతల పడేశాను. "అందుకే రోజూ వస్తున్నాడు. కూచో. ఈసారి విను."

కూర్చుంది. టేబుల్ అంచు గట్టిగా పట్టుకుంది. ఎంతసేపో తల ఊపుతూ వింది. నాకేమీ వినపడలేదు. పొగాకు వాసన మాత్రం వచ్చింది. మా ఇంట్లో ఎవరూ తాగరు. అంతలో మా అమ్మాయి లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. అక్క లేవలేదు. "రా బిడ్డా, కూచో" అంది.

హోమ్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఎండాకాలమే, మంచం చుట్టూ అందరూ ఉండగా అక్క పోయింది. అతనేం చెప్పాడో నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇప్పుడు నేను పేపరు చదువుతాను. ఎవరైనా మాట్లాడుతుంటే మధ్యలో లేవను. ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఇంట్లో అలికిడయితే ఎవరని కూడా అడగను. "కూచో, చెప్పు" అంటాను.