పది నిమిషాలకోసారి

ఆఫీసులో ఆయన్ని అందరూ రీస్టార్టు బాబాయి అంటారు. ఏ కంప్యూటర్ మొరాయించినా ఆయన నోట వచ్చే మొదటి మాట అదే మరి. దూరపు ఊళ్లోని రక్తపరీక్షల ల్యాబ్‌లో సర్వర్ బిగుసుకుపోతే మాత్రం ఆ మాట ఫోన్లో చెప్పేవాడు. అక్కడ గదులు తుడిచే ఆమె వెళ్లి బటన్ నొక్కేది. "పచ్చ లైటు వెలిగింది సార్!" ఏడేళ్లుగా అదే గొంతు.

ఇక ఎవరి సాయమూ అక్కర్లేదని ఈమధ్య బాబాయి ఆ సర్వర్ ప్లగ్గుకో పరికరం తగిలించాడు. సర్వర్ ఇక్కడ ఆయన బల్ల మీది కంప్యూటర్‌ని పలకరిస్తూ ఉంటుంది. పది నిమిషాలు జవాబు రాకపోతే పరికరమే కరెంటు తీసి మళ్లీ ఇస్తుంది. వారం రోజులు ఆయన ఆ గొప్ప చెప్పుకోని మనిషి లేడు.

సోమవారం పొద్దున, కిటికీ పక్కకు బల్ల జరుపుకుంటూ తన కంప్యూటర్ ప్లగ్గు పీకాడు. గంటకల్లా ల్యాబ్ మేనేజర్ ఫోన్.

"సర్వర్ లేస్తోంది, పడిపోతోంది సార్. రిపోర్టులన్నీ సగంలో ఆగిపోయాయి."

"ఆ ప్లగ్గు దగ్గరికి ఎవరెళ్తారు?"

"తుడవడానికి ఆమే వెళ్తుంది సార్."

"ఇంకేం! మాప్ కర్ర తగిలిస్తోంది. ముందు ఆమెను బయటికి పంపండి."

అక్కడ స్పీకర్ ఆన్‌లో ఉంది. "నా వల్లేనేమో సార్, తప్పయిపోయింది" అన్న గొంతు వినిపించింది. మేనేజర్ ఆమెను రేపట్నుంచి రావద్దని ఇంటికి పంపేశాడు.

మధ్యాహ్నం బాబాయి తన కంప్యూటర్ ప్లగ్గు మళ్లీ పెట్టుకున్నాడు. సర్వర్ కుదుటపడింది. చూశారా అన్నట్టు కాలర్ సర్దుకుని, ఎప్పుడు, ఎందుకు ఆగిందో సర్వర్ రాసుకున్న లాగ్ తెరిచాడు. తొమ్మిదీ పది, తొమ్మిదీ ఇరవై, తొమ్మిదీ ముప్పై... ఆమె వెళ్లిపోయాక కూడా అదే వరస. ఏ మాప్ కర్రా గడియారం చూసుకుని తగలదు. ప్రతి వరసలోనూ కారణం ఒకటే: తన కంప్యూటర్ పలకలేదు.

తల కొట్టేసినట్టయింది. ఆ లాగ్ చదవగలవాళ్లు ల్యాబ్‌లో ఎవరూ లేరు. నోరు మూసుకుంటే సరిపోతుందన్న ఆలోచన కూడా వచ్చింది, అందుకు ఇంకా సిగ్గుపడ్డాడు.

మర్నాడు మేనేజర్‌కి ఫోన్ చేసి ఆమెను పిలిపించమన్నాడు. స్పీకర్ కూడా పెట్టమన్నాడు.

"తప్పు నాదమ్మా. నా ప్లగ్గు నేనే పీకి, నింద మీ మీద వేశాను. మన్నించండి."



"పది నిమిషాలకోసారి పోతోందని నిన్ననే చెబుదామనుకున్నాను సార్. మీరు అడగలేదు."

ఏడేళ్లలో బటన్ నొక్కమనడమే తప్ప, ఏం చూశారని ఆమెను అడిగిన రోజు ఒక్కటీ ఆయనకు గుర్తు రాలేదు.