అల అడ్డమొచ్చిందని

మా తమ్ముడు బద్వేలులో బోరు మోటార్లు బాగుచేసేవాడు. బోర్లు ఎండి పని తగ్గాక, నెల్లూరు వైపు ఒక చేపల పడవలో ఇంజన్ చూసుకునే పనికి పోయాడు. నాకు తోడబుట్టింది వాడొక్కడే. నా కూతురికి చెవులు కుట్టించాలంటే మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా, వాడి కోసం రెండుసార్లు ముహూర్తం మార్చాను. మూడోసారి మే నెలలో పెట్టుకున్నాం. తప్పకుండా వస్తానని మాటిచ్చాడు.

ఆ పొద్దున ఆచారి బంగారు తీగ సిద్ధం చేసుకుంటుండగా ఫోన్ చేశాడు.

"అక్కా, నడి సముద్రంలో ఉండా. రాలేను. వీడియోలో చూస్తాలే."

వీడియో రాలేదు. మాట కూడా మధ్యలోనే తెగింది. మళ్లీ చేశాడు. "అలలు శానా పెద్దగా ఉండాయక్కా. పడవ పల్లంలోకి దిగితే అల అడ్డమొస్తాది. మా పడవలోని వైఫై డబ్బాకు ఒడ్డున ఉండే టవర్ అందదు." అంతే, ఇక ఆ రోజంతా ఫోన్ లేదు.

నమ్మాను. సముద్రం చూసిన ముఖమా నాది! మాకు నీళ్లంటే బోరులో ఎన్ని అడుగులకు పడ్డాయన్న మాటే. "పాపం, వాడేం చేస్తాడు" అని వచ్చినవాళ్లందరికీ నేనే సర్దిచెప్పి, పిల్లను పక్కింటాయన ఒళ్లో కూర్చోబెట్టాను. సూది దిగగానే అది "మామ యాడమ్మా" అని గుక్కపెట్టి ఏడ్చింది. పడవలో ఉన్నాడే తల్లీ, అని ఊరడించాను.

వారం తర్వాత నెల్లూరు వైపు నుంచి ఎండుచేపలు తెచ్చే ఆమె మా వీధికి వచ్చింది. తమ్ముడి సంగతి గొప్పగా చెప్పి, అల నిజంగా అంత పని చేస్తుందా అని అడిగాను.

"చేస్తాదమ్మా. పడవ కిందికి దిగితే మాట తెగతాది, పైకి లేస్తే కలుస్తాది. రోజంతా పోదు. అయినా ఇప్పుడు యాడి అలలు? చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు వేట ఆపేసింది గదా. నెల్రోజులుగా పడవలన్నీ ఒడ్డునే కట్టేసి ఉండాయి."

ఛీ, నా నోటితోనే వాడికి వకాల్తా పుచ్చుకున్నానే! కోపం కన్నా ముందు సిగ్గేసింది. ఇంట్లోకి పోయి ఫోన్ చేశాను.

"పడవ యాడ కట్టేసినారు రా?"



"రాబుద్ధి కాలేదక్కా" అన్నాడు.

ఒక్క అక్షరం కూడా తెగకుండా, పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా వినిపించింది.